మీర్ జుమ్లా (మహమ్మద్ సయీద్ అర్దిస్తానీ)

మీర్ జుమ్లాగా ప్రసిద్ధి చెందిన మీర్ మహమ్మద్ సయీద్ అర్దిస్తానీ (సుమారు 1591 - 1663) 17వ శతాబ్దానికి చెందిన సేనాని, మంత్రి, ఓడల వర్తకుడు. ఇరాన్ దేశంలో పుట్టి గోల్కొండ రాజ్యానికి వలస వచ్చిన ఇతడు మచిలీపట్నం హవల్దారుగా పైకి వచ్చి, అబ్దుల్లా కుతుబ్ షా వద్ద ప్రధాన మంత్రి అయ్యాడు. తరువాత మొగలుల పక్షానికి మారాడు. షాజహాను కుమారుల మధ్య 1657 - 1660 సంవత్సరాలలో జరిగిన వారసత్వ యుద్ధంలో ఔరంగజేబు వైపున పోరాడిన సేనానులలో ఇతడు ముఖ్యుడు. బెంగాలు సుబేదారుగా అస్సాముపై దండెత్తి, తిరుగు ప్రయాణంలో మరణించాడు.

"మీర్ జుమ్లా" అనేది వ్యక్తి పేరు కాదు. గోల్కొండ రాజ్యంలో ఆదాయ వ్యవహారాలు చూసే ఉన్నతోద్యోగికి ఇచ్చే పదవి పేరు. ఇతనికి ముందు, తరువాత కూడా ఈ బిరుదు గల వారున్నారు. అందువలన చరిత్రకారులు ఇతనిని రెండవ మీర్ జుమ్లా అని పేర్కొంటారు.

తొలి జీవితం

మహమ్మద్ సయీద్ ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరానికి చేరువలో ఉన్న అర్దిస్తాన్‌కు చెందిన పేద సయ్యద్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి నూనె వ్యాపారి. చదవడం, వ్రాయడం నేర్చుకున్న ఇతనికి గోల్కొండతో సంబంధాలున్న ఒక వజ్రాల వ్యాపారి వద్ద గుమాస్తా పని దొరికింది. ఆ రోజులలో ఇరాన్ నుండి దక్కను సుల్తానుల కొలువులకు కవులు, వైద్యులు, సైనికులు, వర్తకులు విరివిగా వలస వచ్చేవారు. కుతుబ్ షాహీలు కూడా ఇరానీయుల వలెనే షియా మతస్థులు కావడం, వారి కొలువులో పారశీక భాషకు ఆదరణ ఉండడం ఈ వలసకు అనుకూలించింది. మహమ్మద్ సయీద్ ఈ మార్గంలోనే గోల్కొండ చేరి, వజ్రాల వ్యాపారంలో మెలకువలు నేర్చి, కొద్ది కాలంలోనే సొంత వ్యాపారం ప్రారంభించాడు.

మచిలీపట్నంలో

గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధాన రేవు. కృష్ణానది సముద్రంలో కలిసే చోట నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతాలతో కూడిన దివిసీమ ఉండగా, దానికి ఉత్తరంగా బందరు తీరం ఉంది. తీరం లోతు తక్కువ కావడం వలన పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. అయినప్పటికీ రాజధానికి చక్కని బాట ఉండడం వలన, డెల్టా గ్రామాలలో నేతపని, అద్దకపు పని విస్తారంగా సాగడం వలన ఈ రేవు తూర్పు తీరంలో మిక్కిలి రద్దీగా ఉండేది. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇక్కడికి వచ్చి వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. చిరివేరు నుండి తీసిన ఎరుపు రంగుతో అద్దిన కలంకారీ వస్త్రాలు ఇక్కడి నుండి ఇరాన్‌కు, ఆగ్నేయాసియా దీవులకు ఎగుమతి అయ్యేవి.

మహమ్మద్ సయీద్ 1630 దశకం మధ్యలో మచిలీపట్నం హవల్దారుగా నియమితుడయ్యాడు. రేవు సుంకాలు, భూమి శిస్తు వసూలు చేయడం, రాజుకు చెల్లించవలసిన మొత్తాన్ని గడువులోగా జమ చేయడం హవల్దారు విధులు. గోల్కొండలో ఇటువంటి పదవులను సాధారణంగా ఇజారాకు ఇచ్చేవారు. ఒప్పుకున్న మొత్తం చెల్లించగా మిగిలినది హవల్దారుకు దక్కేది. చెల్లించలేనివాడు శిక్షకు గురయ్యేవాడు. కనుక హవల్దారు పట్టు అంతా చివరకు నేతగాడిపైన, రైతుపైన పడేది.

ఈ పదవిలో ఉండగానే ఇతని సముద్ర వ్యాపారం విస్తరించింది. ఇతని ఓడలు బెంగాలు, అరకాను, పెగూ, అచే, మాల్దీవులు, ఇరాన్, అరేబియా తీరాలకు తిరిగేవి. అధికారం వ్యాపారానికి, వ్యాపారం అధికారానికి తోడ్పడ్డాయి. ఆంగ్లేయులు, డచ్చివారు ఇతనితో ఒకప్పుడు తగవు పడుతూ, ఇంకొకప్పుడు సరుకు కొనుగోళ్ళకు ఇతనినే ఆశ్రయిస్తూ వచ్చారు. మచిలీపట్నంలోని అధికారుల ఒత్తిడి తప్పించుకునే ఉద్దేశంతో ఆంగ్లేయులు 1639లో మద్రాసులో స్థలం సంపాదించి, 1641లో తమ కోరమాండల్ తీరపు ప్రధాన స్థావరాన్ని అక్కడికి మార్చారు. కొద్ది సంవత్సరాలకే ఆ ప్రాంతం కూడా మీర్ జుమ్లా ఏలుబడిలోకి వచ్చింది.

వజ్రాలు

కృష్ణానది కుడి గట్టున ఉన్న కొల్లూరు గనులు ఆ కాలంలో ప్రపంచంలోనే పేరొందిన వజ్రాల గనులు. అక్కడ సుమారు 60,000 మంది పని చేసేవారని ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ వ్రాశాడు. మీర్ జుమ్లా అనేక గనులను బినామీ పేర్లతో ఇజారాకు తీసుకున్నాడు. ఇతని వజ్రాలను విడిగా లెక్కించేవారు కారని, మణుగులలో తూచేవారని సమకాలీనులు చెప్పుకున్నారు. కొల్లూరు ప్రాంతం నేడు పులిచింతల జలాశయపు ముంపులో ఉంది.

కర్ణాటక దండయాత్ర

గోల్కొండ కొలువులో సర్‌ఖేలుగా, పిమ్మట మీర్ జుమ్లాగా నియమితుడైన మహమ్మద్ సయీద్‌కు 1640 దశకంలో కర్ణాటక దండయాత్ర అప్పగించబడింది. ఆనాటి వాడుకలో కర్ణాటకమంటే నేటి రాయలసీమ, నెల్లూరు, ఉత్తర తమిళ ప్రాంతాలు. విజయనగర వంశపు చివరి పాలకుడు మూడవ శ్రీరంగరాయలు అప్పటికి చంద్రగిరి, వెల్లూరులకే పరిమితమై ఉన్నాడు. నాయకుల మధ్య ఐకమత్యం లేకపోవడం, పడమటి నుండి బిజాపూరు సేనలు కూడా దండెత్తడం మీర్ జుమ్లాకు కలిసివచ్చాయి. ఉదయగిరి, చంద్రగిరి, తిరుపతి, సిద్ధవటం ఒకదాని తరువాత ఒకటి ఇతని వశమయ్యాయి.

పెన్నానది లోయ అంచున ఉన్న గండికోట పెమ్మసాని నాయకుల అధీనంలో ఉండేది. దుర్భేద్యమని పేరుగాంచిన ఈ కోటను 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాడు. కొండపైకి పెద్ద ఫిరంగులను ఎక్కించడంలో ఇతని కొలువులోని ఐరోపా ఫిరంగివాళ్ళు తోడ్పడ్డారు. కోటను తన స్థావరంగా చేసుకుని అక్కడ ఫిరంగుల పోత సాగించాడు. మెయిల్ అనే ఫ్రెంచివాడు ఈ పనిలో ఉండేవాడని, పోత కోసం పరిసర దేవాలయాల నుండి రాగి విగ్రహాలను తెప్పించారని టావెర్నియర్ వ్రాశాడు. ఒక దేవాలయం నుండి తెచ్చిన ఆరు విగ్రహాలు ఎంతకూ కరగలేదని కూడా అతడు పేర్కొన్నాడు.

టావెర్నియర్ 1652లో గండికోటలో మీర్ జుమ్లాను స్వయంగా కలిశాడు. కాలివేళ్ళ మధ్య, చేతివేళ్ళ మధ్య కాగితాలు ఇరికించుకుని, ఒక్కొక్కటి తీస్తూ ఇద్దరు లేఖకులకు జవాబులు చెప్పి వ్రాయించడం, మధ్యలో నేరస్థుల విచారణ ముగించడం అతడు చూశాడు. సేనాని, మంత్రి, వర్తకుడు ఒకే మనిషిలో ఉన్న తీరు ఈ వర్ణన వలన తెలుస్తుంది.

ఈ విజయాలతో ఇతని అధీనంలోకి వచ్చిన భూభాగపు వార్షికాదాయం దాదాపు 40 లక్షల రూపాయలు. సొంత ఖర్చుపై 5,000 మంది ఆశ్వికులను, 20,000 మంది పదాతులను పోషించాడు. ఇతని సేనానులలో తుపాకి కృష్ణప్ప నాయకుని వంటి స్థానికులు కూడా ఉన్నారు. ఈ సైన్యం గోల్కొండ పేరున యుద్ధం చేసినా, జీతం మీర్ జుమ్లా చేతినుండే అందుకునేది.

సరిగా ఇదే కాలంలో, అంటే 1642 - 1651 సంవత్సరాల మధ్య, ఇంగ్లాండులో రాజుకు, పార్లమెంటుకు అంతర్యుద్ధం జరుగుతూ ఉంది. పార్లమెంటు 1645లో ఏర్పాటు చేసిన కొత్త సైన్యానికి జీతభత్యాలు పన్నుల ద్వారా చెల్లించబడేవి. అక్కడి సేనాని ఒక సభకు జవాబుదారీగా ఉండవలసి వచ్చింది. ఆ సభకు, సైన్యానికి చెడినప్పుడు సైన్యానిదే పైచేయి అయింది. గోల్కొండలో అటువంటి సభ ఏదీ లేదు. సేనానికి, రాజుకు మధ్య ఉన్నది వ్యక్తిగత విశ్వాసమొక్కటే. అది సడలినప్పుడు రాజ్యమే ప్రమాదంలో పడింది.

గోల్కొండతో తెగతెంపులు

తన సేవకుడు తనకంటే బలవంతుడు కావడం అబ్దుల్లా కుతుబ్ షాకు భయం కలిగించింది. జయించిన కర్ణాటకంలో రాజు వాటా కోరగా, మీర్ జుమ్లా అది తన సొంత కష్టార్జితమని భావించాడు. హైదరాబాదుకు రమ్మని పిలుపు వస్తే వెళ్ళక, బిజాపూరు సుల్తానుతోను, ఇరాన్ షాతోను, మొగలు దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబుతోను ఏకకాలంలో మంతనాలు సాగించాడు.

హైదరాబాదులో తండ్రికి ప్రతినిధిగా ఉన్న కుమారుడు మహమ్మద్ అమీన్ అహంకారి. ఒకనాడు మద్యం మత్తులో దర్బారుకు వచ్చి, రాజు ఆసనంపైనే పడుకుని దానిని పాడుచేశాడని సమకాలీన రచనలు చెబుతున్నాయి. 1655 నవంబరులో సుల్తాను అతనిని, కుటుంబ సభ్యులను నిర్బంధించి, ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. ఔరంగజేబు ఎదురుచూస్తున్న సాకు ఇదే. మీర్ జుమ్లాను, అతని కుమారుని మొగలు కొలువులోకి తీసుకుంటున్నట్లు షాజహాను ఉత్తర్వులు పంపాడు. బందీలను విడిచిపెట్టలేదన్న కారణంతో 1656 జనవరిలో ఔరంగజేబు పెద్ద కుమారుడు మహమ్మద్ సుల్తాన్ హైదరాబాదుపై దండెత్తాడు. సుల్తాను గోల్కొండ కోటలోకి పారిపోగా, మొగలు సైన్యం నగరాన్ని కొల్లగొట్టింది. రాజప్రాసాదంలోని గ్రంథాలు, విలువైన వస్తువులు దోపిడీకి గురయ్యాయి.

ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. మార్చిలో మీర్ జుమ్లా తన సేనలతో వచ్చి అతనిని కలుసుకున్నాడు. అయితే ఢిల్లీలో దారా షికో ప్రమేయంతో షాజహాను ముట్టడి విరమించవలసిందిగా ఆజ్ఞాపించాడు. 1656 మార్చి 30న ముట్టడి ఎత్తివేయబడింది. అబ్దుల్లా కుతుబ్ షా తన కుమార్తెను మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి వివాహం చేసి, భారీ నష్టపరిహారానికి అంగీకరించి, రామగిరి సీమను వదులుకోవలసి వచ్చింది.

మొగలు కొలువు

1656 జూలైలో ఢిల్లీ చేరిన మీర్ జుమ్లాకు షాజహాను ముఅజ్జం ఖాన్ బిరుదును, 6,000 మనసబును ఇచ్చి సామ్రాజ్య ప్రధాన మంత్రిగా నియమించాడు. చక్రవర్తికి ఇతడు సమర్పించిన కానుకలలో ఒక మహా వజ్రం ఉంది. 1665లో ఔరంగజేబు ఖజానాలో టావెర్నియర్ చూసిన "గ్రేట్ మొగల్" వజ్రం ఇదేనని అతని రచన వలన తెలుస్తుంది. ఇదే కోహినూరు అని చెప్పే కథనాలు ప్రచారంలో ఉన్నా, అందుకు గట్టి ఆధారాలు లేవు.

1657లో ఔరంగజేబుతో కలిసి బిజాపూరుపై దండెత్తి బీదరు, కల్యాణి కోటలను పట్టుకోవడంలో ఇతని ఫిరంగులు ప్రధాన పాత్ర వహించాయి.

వారసత్వ యుద్ధం

1657 సెప్టెంబరులో షాజహాను జబ్బుపడ్డాడు. దారా షికో, షుజా, ఔరంగజేబు, మురాద్ బక్ష్ అనే నలుగురు కుమారుల మధ్య సింహాసనం కోసం అంతర్యుద్ధం మొదలైంది. చక్రవర్తి వద్దనే ఉన్న దారా, మీర్ జుమ్లా ఔరంగజేబు మనిషి అని గ్రహించి అతనిని మంత్రి పదవి నుండి తొలగింపజేసి, రాజధానికి రావలసిందిగా ఉత్తర్వులు పంపించాడు.

మీర్ జుమ్లా ఇరకాటంలో పడ్డాడు. ఉత్తర్వు పాటిస్తే ఔరంగజేబు తన ఫిరంగి దళాన్ని కోల్పోతాడు. ధిక్కరిస్తే ఉత్తరాదిలో దారా అందుబాటులో ఉన్న కుటుంబానికి ప్రమాదం. 1658 జనవరిలో ఔరంగజేబు ఇతనిని నిర్బంధించి దౌలతాబాదు కోటలో ఉంచి, ధనాన్ని, ఫిరంగులను స్వాధీనం చేసుకున్నాడు. ఇది ఇద్దరూ కలిసి ఆడిన నాటకమని చరిత్రకారులు భావిస్తారు. ఈ కారణంగా దారాను ఓడించిన ధర్మత్, సామూగఢ్ యుద్ధాలలో మీర్ జుమ్లా స్వయంగా పాల్గొనలేదు. గెలిచిన సైన్యంలో అతని ఫిరంగులు మాత్రం ఉన్నాయి.

ఖజ్వా యుద్ధం

ఔరంగజేబు సింహాసనం అధిష్ఠించిన తరువాత మీర్ జుమ్లా విడుదలయ్యాడు. బెంగాలు నుండి షుజా సైన్యంతో వస్తుండగా, ఇతడు దక్కను నుండి వేగంగా ప్రయాణించి 1659 జనవరి 2న ఔరంగజేబును కలుసుకున్నాడు. నేటి ఉత్తర ప్రదేశ్‌లోని ఖజ్వా వద్ద ఇరుపక్షాలు మోహరించాయి. యుద్ధానికి ముందు రాత్రి, శత్రువులు విడిచి వెళ్ళిన ఒక మిట్టపై మీర్ జుమ్లా ఫిరంగులను నిలిపాడు. ఆ రాత్రే రాజా జస్వంత్ సింగ్ తన రాజపుత్రులతో ఎదురు తిరిగి, ఔరంగజేబు శిబిరాన్ని దోచుకుని వెళ్ళిపోయాడు. ఈ గందరగోళంలో కూడా సైన్యం చెదరలేదు. జనవరి 5న జరిగిన పోరులో షుజా ఓడిపోయి తూర్పుకు పారిపోయాడు.

బెంగాలులో పోరాటం

షుజాను తరిమే పని మీర్ జుమ్లాకు, రాకుమారుడు మహమ్మద్ సుల్తాన్‌కు అప్పగించబడింది. షుజా బలం అతని పడవల దళంలో ఉంది. నదులతో నిండిన ఆ దేశంలో పడవలు లేని సైన్యం ముందుకు పోలేదు. కనుమల వద్ద షుజా కట్టిన అడ్డుగోడలను తప్పించుకుని, స్థానిక జమీందారుల సాయంతో కొండదారులలో నడిచి మీర్ జుమ్లా రాజమహల్ చేరాడు. ఆపై పడవలు సమకూర్చుకోవడానికి నెలలు పట్టింది.

1659 జూన్‌లో మహమ్మద్ సుల్తాన్ రాత్రికి రాత్రి షుజా వైపు వెళ్ళిపోయి, అతని కుమార్తెను పెళ్ళాడాడు. మూడేళ్ళ క్రితం మీర్ జుమ్లా కుమారుని విడిపించే పేరుతో హైదరాబాదును కొల్లగొట్టినవాడు ఇతడే. సైన్యంలో కలవరం రేగకుండా మీర్ జుమ్లా అధికారులను సమావేశపరచి, తానే పూర్తి నాయకత్వం స్వీకరించాడు. వానాకాలంలో రాజమహల్ చేజారినా తిరిగి పట్టుకున్నాడు. 1660 ఫిబ్రవరిలో రాకుమారుడు తిరిగి రాగా ఔరంగజేబు అతనిని చెరలో పెట్టాడు. అతడు 1676లో మరణించేవరకు బందీగానే ఉన్నాడు.

1660 ఏప్రిల్‌లో మహానంద నదిని దాటి మీర్ జుమ్లా షుజా రాజధాని తాండాను పట్టుకున్నాడు. మే నెలలో ఢాకా ప్రవేశించాడు. అప్పటికే షుజా కుటుంబంతో అరకానుకు పారిపోయాడు. దీనితో వారసత్వ యుద్ధం ముగిసింది. మీర్ జుమ్లాకు ఖాన్-ఇ-ఖానాన్ బిరుదు, 7,000 మనసబు, బెంగాలు సుబేదారు పదవి లభించాయి.

బెంగాలు సుబేదారు, అస్సాము దండయాత్ర

మీర్ జుమ్లా సుబా రాజధానిని రాజమహల్ నుండి ఢాకాకు మార్చాడు. నదీ మార్గాల రక్షణకు కోటలు, రహదారులు, వంతెనలు నిర్మించాడు. మున్షీగంజ్‌లోని ఇద్రాక్‌పూర్ కోట వీటిలో ఒకటి.

1661 చివరలో కూచ్ బిహారును జయించి, 1662 జనవరిలో అహోం రాజ్యంపైకి కదిలాడు. 12,000 మంది ఆశ్వికులు, 30,000 మంది పదాతులు, కనీసం 300 పడవలు ఈ దండయాత్రలో ఉన్నాయి. మార్చి 17న రాజధాని గఢ్‌గావ్ పట్టుబడింది. రాజు జయధ్వజ సింఘ కొండలలోకి వెళ్ళిపోయాడు. అయితే వానలు మొదలవగానే దారులు మునిగిపోయాయి. అహోం వీరులు ఒక్కొక్క ఠాణాను చుట్టుముట్టారు. ఢాకా నుండి సరఫరాలు ఆగిపోయాయి. తిండి లేక, జ్వరాలతో వేలాది సైనికులు, గుర్రాలు మరణించారు. సేనాని కూడా సైనికులు తినే ముతక అన్నమే తింటూ వారితో కష్టాలు పంచుకున్నాడని ఈ దండయాత్రలో వెంట ఉన్న రచయిత షిహాబుద్దీన్ తాలిష్ వ్రాశాడు.

1663 జనవరిలో ఘిలాఝరీఘాట్ వద్ద సంధి కుదిరింది. అహోం రాజు కప్పం చెల్లించడానికి, కుమార్తెను మొగలు అంతఃపురానికి పంపడానికి అంగీకరించాడు. అప్పటికే తీవ్రంగా జబ్బుపడిన మీర్ జుమ్లా ఢాకా చేరకుండానే 1663 మార్చి చివరలో దారిలో పడవలో మరణించాడు. ఇతని సమాధి అస్సాములోని మన్‌కాచార్ వద్ద ఉంది. అస్సాములో గెలిచిన ప్రాంతం ఎక్కువ కాలం నిలువలేదు. 1667లో గువాహటి తిరిగి అహోంల వశమయింది.

అంచనా

మీర్ జుమ్లా జీవితాన్ని సమగ్రంగా పరిశోధించిన జగదీశ్ నారాయణ్ సర్కార్ గ్రంథం 1951లో వెలువడింది. ఇతని దక్షత విషయంలో చరిత్రకారులలో భిన్నాభిప్రాయం లేదు. శ్రమకు వెరవకపోవడం, సైన్యాన్ని దోపిడీ నుండి అదుపు చేయడం, ఆపదలో నిబ్బరం ఇతని గుణాలుగా చెబుతారు. విశ్వాసం విషయంలో మాత్రం రెండు వాదాలున్నాయి. తనను పెంచిన రాజును విడిచి శత్రువును ఇంటికి తెచ్చాడన్నది ఒకటి. ప్రాణానికి, కుటుంబానికి ముప్పు వచ్చినప్పుడు ఆనాటి ఏ వలస సేనాని అయినా చేసే పనే చేశాడన్నది రెండవది.

తెలుగుదేశం దృష్టితో చూస్తే ఇతని కథలో మరొక అంశం కనబడుతుంది. ఢిల్లీ సింహాసనం కోసం జరిగిన యుద్ధంలో ప్రేలిన ఫిరంగుల వెనుక బందరు రేవు సుంకాలు, కొల్లూరు గనుల కూలీల శ్రమ, కర్ణాటక గ్రామాల శిస్తు, రాయలసీమ గుడుల రాగి ఉన్నాయి. ఆ యుద్ధంలో గెలిచిన ఔరంగజేబే 1687లో గోల్కొండను జయించి కుతుబ్ షాహీ రాజ్యాన్ని అంతం చేశాడు. మచిలీపట్నం రేవు మొగలుల పాలనలోకి వెళ్ళింది.

జ్ఞాపకాలు

ఢాకా విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉన్న పాత నగర ద్వారాన్ని మీర్ జుమ్లా ద్వారమని పిలుస్తారు. అస్సాము దండయాత్రలో వాడినదని చెప్పే "బీబీ మరియం" అనే పెద్ద ఫిరంగి కూడా ఢాకాలో భద్రపరచబడింది. హైదరాబాదు పాతబస్తీలో ఒక చెరువుకు ఇతని పేరుండేది. గండికోటలోని జామా మసీదు, ధాన్యాగారం, వాటి చేరువనే ఉన్న మాధవరాయ, రంగనాథ దేవాలయాలు నేడు కడప జిల్లాకు వచ్చే యాత్రికులకు ఆనాటి రాజకీయ మార్పును గుర్తుచేస్తాయి.